గంటకు బదులు గంట

అంతోనమ్మ పెద్దమ్మ ఇంటి వరండాలో రెండు కుట్టుమిషన్లు ఉంటాయి. ఒకటి ఆమె కుడుతుంది, రెండోదాని మీద నేను కూర్చుంటాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, మా ఊరు బైరకూరు నుంచి బంగారు గనుల కేజీఎఫ్‌లోని ఇదే వీధికి, మా అత్త ఇంటికి వచ్చినప్పుడు నాకు కుట్టు నేర్పింది ఆమే. వరండా చివర కుర్చీలో ఆమె భర్త అమృతరాజు పెద్దనాయన అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి చదువుతూ ఉంటాడు. అందులో ఉన్నవన్నీ ఎప్పుడో చైనాలో రాసిన చిన్న చిన్న పద్యాలు. గని మూతపడ్డాక క్లబ్బులోని పుస్తకాలను పాతసామాన్లవాడికి వేస్తుంటే, లోపల కొండ బొమ్మ బాగుందని ఒకటి చంకన పెట్టుకొచ్చాడట. అప్పటినుంచి అదే చదువుతున్నాడు.

ఆయన గనిలో వైండింగ్ ఇంజన్ డ్రైవరుగా పనిచేశాడు. మనుషుల్ని భూమిలోకి దించే బోనును పైనుంచి ఇంజనుతో నడిపే పని అది. ఇంజను గదిలోంచి బోను కనపడదు, గంట మాత్రం వినిపిస్తుంది. మూడు దెబ్బలు కొడితే మనుషులు ఎక్కుతున్నారని అర్థం. మెల్లగా నడపాలి. కానీ ముందు డ్రైవరు కూడా తిరిగి మూడు దెబ్బలు కొట్టాలి. ఆ బదులు రాకుండా బోను కదలదు.

ఇంటికి కూడా అదే అలవాటు వచ్చింది. కొడుకు గాడ్విన్ చంటివాడుగా ఉన్నప్పుడు, పెద్దనాయన షిఫ్టు దిగి గేటు తీస్తే చాలు, వంటింట్లోంచి పెద్దమ్మ బాణలి అంచు మీద గరిటెతో మూడుసార్లు కొట్టేదట. బిడ్డ నిద్రపోతున్నాడు, మెల్లగా రా అని. ఆయన తలుపు మీద మూడుసార్లు తట్టి చెప్పులు విడిచేవాడట. గాడ్విన్‌కి ఇప్పుడు బట్టతల వచ్చింది. రోజూ బంగారుపేటలో రైలెక్కి బెంగళూరు ఆఫీసుకి వెళ్ళి వస్తాడు. గరిటె మాత్రం ఇంకా మోగుతూనే ఉంది.

పొద్దున్నే మంచు పడితే పెద్దనాయన మా వీధి చివర తెల్లగా లేచి ఉన్న సైనైడ్ దిబ్బను, బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి గుట్టను, చూపిస్తాడు.

"చూడు మునీ. కింద సగం మంచులో పోయింది. పైది ఒకటే తేలతా ఉండాది. అచ్చం చైనావోళ్ళ కొండ."

లోపల్నుంచి పెద్దమ్మ అందుకుంటుంది. "గాలి కొడితే ఉతికిన బట్టలన్నిటికీ బూడిద పూసేది అదే కదా! కొండంట, కొండ! వచ్చి ఉల్లిగడ్డలు కొయ్యయ్యా."

ఆయన నవ్వుకుంటూ వెళ్ళి ఉల్లిగడ్డలు కోస్తాడు.

ఒకరోజు జాకెట్టుకి హుక్కులు కుడుతూ పెద్దనాయనను అడిగాను. ఆ పద్యాల్లో కొండ ఉంటుంది, కట్టేసిన పడవ ఉంటుంది, ఆకుల మీద వాన పడుతుంటుంది. రాసినవాడికి దిగులుగా ఉందో హాయిగా ఉందో ఒక్క మాటా ఉండదు. మరి మనకెట్లా తెలుస్తుంది?

ఆయన పుస్తకంలోంచి తలెత్తాడు. "మీ ఇంటి ముందర ఏముండాది?" అన్నాడు.

"రాగులు తొక్కే కళ్ళం."

"ఇప్పుడు?"

"మా నాయన సేద్యం వదిలేసినాడు కదా. గరిక మొలిచిపోయింది."

ఆయన పుస్తకం మూసి, "ఇంగేం, చెప్పేసినావు," అన్నాడు. నేను హుక్కులమీదికి తల వంచుకున్నాను.

ఈ వేసవిలో వాళ్ళ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండాయి. చర్చి పక్కన హాల్లో విందు పెట్టాలన్నారు. మా వీధిలో, అంటే ఈ గనివాళ్ళ ఇళ్ళ లైన్లో, ఇలాంటి విందుల్లో భర్త మైకు పట్టుకుని భార్యను పొగడడం రివాజు. గాడ్విన్ తండ్రి కోసం పెద్ద ఉపన్యాసమే రాసిచ్చాడు. నా ఇంటి దీపం, నా పాలిటి దేవత, అన్నీ ఉన్నాయి అందులో.

పెద్దనాయన అది చదివి మడిచి పక్కన పెట్టాడు. "నేను ఆ పుస్తకంలో మాదిరి నాలుగు ముక్కలు చెప్తా," అన్నాడు.

పెద్దమ్మ మిషను ఆపేసింది. "ఏమయ్యా, ఎదురింటాయన పోయినేడు పెండ్లాన్ని పొగిడితే ఆడోళ్ళంతా కండ్లు తుడుచుకొన్యారు. నువ్వు కొంగా, వెదురూ అని వచ్చేస్తే నా మొగం యాడ పెట్టుకోవల్ల? యాభై ఏండ్లు వండి పెట్టినాను. ఒక్కసారి, నలుగురి ముందర, నా గురించి చెప్పు. అంతే నేను అడిగేది."

ఆమె గొంతులో ఎగతాళి లేదు. అది విని ఆయన ముఖం చిన్నబోయింది.

నిజానికి ఆయన అప్పటికే రాసుకున్నాడు. మరునాడు నాకు చదివి వినిపించాడు. వెదురు వనం, ఏటి ఒడ్డున కొంగ, సారా గిన్నె మీద చందమామ. పెద్దమ్మ తలుపు వెనకనుంచి వింటోంది.

"మన లైన్లో వెదురు యాడ ఉండాదయ్యా? ఉండేది మునగచెట్టు. సారా గిన్నెంట! నువ్వు సారా ముట్టింటే గరిటె నీ నెత్తిమీద మోగుండేది!"

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు. కాసేపు మునగచెట్టు వైపు చూశాడు. తర్వాత కాగితం చించేశాడు. ఆ వారమంతా పుస్తకం తెరవలేదు. వీధి చివరిదాకా నడిచి, గని నోటి మీద ఒకప్పుడు బోను తాడును మోసి ఇప్పుడు ఆగిపోయిన షాఫ్టు చక్రాన్ని చూసి వచ్చేవాడు. వాకిట్లో మునగచెట్టు కింద చెప్పులు విడిచి, వాటినే చూస్తూ నిలబడేవాడు.

విందు రోజు పెద్దమ్మ నేను కుట్టిన జాకెట్టు వేసుకుని ముందు వరసలో కూర్చుంది. కేకు కోశారు, పళ్ళెం ఆమె ఒళ్ళో ఉంది. గాడ్విన్ తను రాసిన కాగితం తండ్రి జేబులో పెట్టి మైకు అందించాడు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

పెద్దనాయన జేబు ముట్టుకోలేదు.

"తెల్లదిబ్బ మీద పొగమంచు.
షాఫ్టు చక్రం ఇంగ తిరగదు.
మునగచెట్టు కింద నా చెప్పులు.
వంటింట్లో గరిటె మూడుసార్లు మోగింది."

అంతే. మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక ఎవరో "అయిపోయిందా?" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. గాడ్విన్ తల వంచుకుని, "నాయనా, కాగితం," అని గొణిగాడు. పెద్దనాయన కదల్లేదు. ఎందుకు నిలబడ్డాడో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన బదులు గంట కోసం చూస్తున్నాడు.

భయపడుతూ పెద్దమ్మ వైపు తిరిగాను. ఆమె ఆయన కాళ్ళకేసి చూస్తోంది, చెప్పులు అక్కడే ఉన్నట్టు. నా చెయ్యి వదిలేసింది. కేకు చెంచా తీసుకుని ఒళ్ళోని స్టీలు పళ్ళెం అంచు మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు.

పెద్దనాయన మైకు కొడుకు చేతికిచ్చి, వేదిక మెట్లు ఒక్కొక్కటే మెల్లగా దిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. జనానికి ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు.

"దీపం, దేవత అని ఒక ముక్క కలిపింటే ఏం పోయేదయ్యా?" అంది పెద్దమ్మ, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"కలపమంటావా? మళ్ళా ఎక్కుతా."

"వద్దు, కూర్చో. బిరియానీ ఆరిపోతా ఉండాది." తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది. "మునీ, ఆ రెండో ముక్క ఏమన్నాడే? చెప్పులది కాదు, దానికి ముందుది. ఇంగొకసారి చెప్పు."

"షాఫ్టు చక్రం ఇంగ తిరగదు," అని చెప్పాను.