సుద్దగీత లోపల మనిషి

ఒక లారీ డ్రైవరు కుడిచెయ్యి పనికిరాకుండా పోవడానికి నేను కారణం. డెబ్భైల చివర్లో, విశాఖపట్నం నుంచి నాగపూరు వెళ్లే దారిలో, జగదల్‌పూరు దాటాక జరిగింది. ఆ సంవత్సరం డైరీ ఇప్పుడు నా బల్ల మీద ఉంది. చాలాసార్లు తీసి మూసేశాను. ఈసారి చూసి రాస్తున్నాను.

అప్పుడు నేను పోర్టులో సరుకు దింపించే ఒక ఏజెన్సీలో టాలీ క్లర్కుని. క్రేను ఓడలోంచి దింపిన ప్రతి పెట్టెనీ రాసుకోవడం నా పని. పెట్టె పగిలితే మాకొక పద్ధతి ఉండేది. ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. పడ్డచోటే దాని చుట్టూ సుద్దముక్కతో గీత గియ్యాలి. పగులు ఏ వైపు, ఎంత పొడుగు అన్నది రాసి టైము వెయ్యాలి. ఆ తర్వాతే కలాసీలు చెయ్యి వేస్తారు. ముందే కదిపితే తప్పు ఓడవాళ్లదో మనదో తేలదు. పదహారేళ్లు అలా చేశాక నా చొక్కా జేబులో పెన్ను పక్కన సుద్దముక్క ఎప్పుడూ ఉండేది.

నాగపూరులో ఒక మిల్లుకి యంత్రం వెళ్లాలి. పెట్టెలో సున్నితమైన భాగాలున్నాయని, దారిలో ఏదైనా దెబ్బతింటే రాయడానికి మనిషి ఉండాలని, నన్ను లారీతో పంపారు. డ్రైవరు సముద్రం మీద వేటకెళ్లే ఇంట్లో పుట్టినవాడు. పడవ వదిలి లారీ పట్టాడు. వల లాగిన చేతులు గనక స్టీరింగు అతని చేతుల్లో బొమ్మలా ఉండేది. క్లీనరు అతని బావమరిది, ముప్ఫై ఏళ్లవాడు.

విశాఖ వన్ టౌన్‌లో పొద్దున్నే బయల్దేరాం. బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ కట్టారు.

"ఏరా బామ్మర్దీ, టైర్లు సూసినావేటి?"

"సూసినాను బావా. నీ మొకం కన్నా నున్నగున్నాయి."

"అయితే పేల్తాయి. నువ్వే కింద దూరి మార్సాల."

విజయనగరం దాటకముందే డ్రైవరు నా పుస్తకం వైపు చూశాడు. "ఏటి బాబూ, ఆ రాత?"

దారిలో చూసినవి రాస్తున్నానన్నాను.

"దారిలో సూసీవి రాత్తే పుస్తకం సాల్దు. అంతా సచ్చినోళ్లే గదా."

నిజమే చెప్పాడు. మొదటి రోజు రాతలో సాలూరు ఘాటు మీద పడిన లారీ ఉంది. ఇనప కడ్డీల లోడు. బ్రేకు వేసినప్పుడు కడ్డీలు వెనకనుంచి క్యాబిన్‌ని చీల్చుకుని అద్దంలోంచి బయటికి వచ్చాయి. డ్రైవరు సీటు వాటికి గుచ్చుకుని గాల్లో ఉంది. సీటు కింద రోడ్డు మీద ఇసుక పోశారు. ఆ ఇసుక తడిగా ఉంది. ఆ పైన మలుపులో కడుపు పగిలిన గేదె. దాన్ని లాక్కుంటూ కుక్కలు ఒకదాన్నొకటి కరుచుకుంటున్నాయి. ఒక కుక్కని మా ముందున్న బస్సు తొక్కేసింది. మిగతావి తల కూడా ఎత్తలేదు.

రెండో రోజు మధ్యాహ్నం జయపురం అవతల భోజనానికి ఆగాం. పక్క బల్ల దగ్గర ఇద్దరు డ్రైవర్లు, దారివ్వలేదన్న మాట మీద లేచారు. ఒకడు టైరు లీవరుతో రెండోవాడి మోకాలు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు మేం అందరం విన్నాం. వడ్డించేవాడు గరిటెతో ఒక్క క్షణం ఆగి, నా అన్నం మీద పప్పు వేశాడు. కొట్టినవాడి లారీ నంబరు రాసుకున్నాను. మమ్మల్ని దాటిపోయిన ప్రతి బండి నంబరూ నేను రాసేవాణ్ణి. ఎందుకని అడిగితే చెప్పలేను. అలవాటు.

ఆ సాయంత్రం డ్రైవరు చొక్కా కాలరు దించి మెడ వెనక మచ్చ చూపించాడు. జానెడు పొడుగుంది.

"ఇది ఏటనుకున్నారు? మేక. పార్వతీపురం అవతల ఒక మేకని గుద్దినాను. కుర్రతనం, ఆగినాను. ఊరంతా కర్రలట్టుకుని వొచ్చింది. మేక లేచి ఎల్లిపోయింది బాబూ. నాను లేవలేదు."

బావమరిది పడీపడీ నవ్వాడు. "మేక కన్నా తెలివి తక్కువోడు మా బావ."

"నవ్వరా. రేపు నీకూ తెలుత్తాది." నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. "లారీ ఎక్కినోడికి ఒకటే మాట. గుద్దినా ఆగకూడదు, గుద్దింది సూసినా ఆగకూడదు. ఠాణా కనపడ్డాక ఆగాల. అక్కడ సెప్తే పోలీసోళ్లే ఎల్తారు. మనం దిగితే మనల్నే సంపేత్తారు. సచ్చినోడి మనుసులకి అప్పుడు మనం తప్ప ఎవుడు దొరుకుతాడు?"

ఆ మాటలు కూడా డైరీలో ఉన్నాయి. పొల్లుపోకుండా రాశాను.

మూడో రోజు, జగదల్‌పూరు దాటిన గంటకి, నీలంరంగు లారీ ఒకటి హారను మోగిస్తూ మమ్మల్ని ఒరుసుకున్నట్టు దాటింది. నంబరు రాశాను, తొమ్మిదీ నలభై అని టైము వేశాను. రెండు మలుపుల తర్వాత రోడ్డు మధ్య ఒక మనిషి పడి ఉన్నాడు. పక్కన మడత పడిపోయిన సైకిలు. ఒక కాలు మోకాలి కింద ఉండవలసిన వైపు లేదు. నోట్లోంచి రక్తం బుడగలుగా వస్తోంది. బతికే ఉన్నాడు.

"బావా, ఆపకు," అన్నాడు బావమరిది.

డ్రైవరు స్టీరింగు పక్కకి తిప్పాడు. దాటిపోయేవాడే.

"ఆపు," అన్నాను నేను. "ఆ లారీ నంబరు నా దగ్గరుంది. రాసి పెడితే వాడు దొరుకుతాడు. ఆపు."

"బాబూ, నిన్న సెప్పినాను గదా."

"నా బాధ్యత. ఆపు."

ఆపాడు. నా మాట మీద ఆపాడు.

ముందు దిగింది అతనే. నీళ్ల డబ్బా పట్టుకుని పరుగెత్తి, పడ్డ మనిషి తల ఒళ్లో పెట్టుకుని, పెదాలు తడిపాడు. నేను దిగి ఏం చేశానో చెప్పాలి. జేబులోంచి సుద్దముక్క తీశాను. ఆ మనిషి చుట్టూ, సైకిలు చుట్టూ తారు మీద గీత గీశాను. సైకిలుకీ మనిషికీ మధ్య దూరం అడుగులతో కొలిచాను. రాశాను. అతను మూలుగుతున్నాడు, నేను కొలుస్తున్నాను. డ్రైవరు లేపి లారీలో ఎక్కిద్దామంటే, "ఒక్క నిమిషం, కదపకు, రాయనీ," అన్నాను. పదహారేళ్లు జెట్టీ మీద అన్న మాటే.

ఆ నిమిషంలోనే వాళ్లు వచ్చారు. పొలాల్లోంచి, ముప్ఫై మంది ఉంటారు. చేతుల్లో కర్రలు, ఒకరిద్దరి దగ్గర గొడ్డళ్లు. వాళ్లు చూసింది ఆగి ఉన్న లారీ, రక్తం పూసుకున్న డ్రైవరు. మొదటి దెబ్బ అతని వీపు మీద పడింది. పడ్డ మనిషి తల నేలకి కొట్టుకోకుండా అతను రెండు చేతులూ అడ్డం పెట్టాడు గాని తనకి పెట్టుకోలేదు. జుట్టు పట్టి ఈడ్చారు. ఒకడు అతని కుడిచేతిని మైలురాయి మీద ఆనించి పట్టుకున్నాడు, ఇంకొకడు బండరాయితో కొట్టాడు. మూడుసార్లు. బావమరిదికి తల పగిలింది. లారీ కిందకి పాకి చక్రాల మధ్యనుంచి అరుస్తున్నాడు.

"బాబూ, సెప్పండి! మనం కాదని సెప్పండి!"

నన్ను ఎవరూ ముట్టుకోలేదు. తెల్లచొక్కా, పుస్తకం, సుద్దగీత చూసి సర్కారు మనిషి అనుకున్నారు. ఒకడు డ్రైవరుని చూపించి, నా పుస్తకాన్ని చూపించి, రాయమన్నట్టు చెయ్యి ఊపాడు. నేను తెలుగులో అరిచాను, ఇంగ్లీషులో అరిచాను. నాకు హిందీలో వచ్చినవి అంకెలు మాత్రమే, జెట్టీ మీద పెట్టెలు లెక్కపెట్టేటప్పుడు విని నేర్చుకున్నవి. ఆ లారీ నంబరు అంకె తర్వాత అంకె అరిచాను. వాళ్లకి అదేమిటో అర్థం కాలేదు.

రాయి నాలుగోసారి పైకి లేచింది. ఈసారి తల వైపు. నేను పుస్తకం పారేసి సైకిలుని ఎత్తి గీత దాటించాను. ఈడ్చుకుంటూ తీసుకెళ్లి మా బంపరుకి ఆనించాను. మడత పడ్డ మడ్‌గార్డు మీద నీలం రంగు గీరుకుని ఉంది. మా లారీ పసుపుపచ్చ. బంపరు మీద మూడు రోజుల బురద, చచ్చిన పురుగులు, ఎక్కడా చెదరలేదు. నిమ్మకాయల దండ వన్ టౌన్‌లో ఎలా కట్టారో అలాగే ఉంది. దండ లాగి చూపించాను, నీలం రంగు చూపించాను, మా బంపరు మీద పిడికిలితో గుద్దాను, మళ్లీ మళ్లీ గుద్దాను.

ముందుగా అర్థమైంది ఒక ముసలామెకి. పడ్డ మనిషి తల్లి అని తర్వాత తెలిసింది. ఆమె వచ్చి బంపరు మీద అరచెయ్యి వేసి ఈ కొస నుంచి ఆ కొసకి తుడిచింది. చేతికంటిన మట్టి చూసుకుంది. రాయి ఎత్తినవాడి దగ్గరికి వెళ్లి అతని చెంప మీద కొట్టి, డ్రైవరు మీద పడి పడుకుంది. అప్పుడు ఆగారు.

డ్రైవర్నీ సైకిలు మనిషినీ ఒకే టార్పాలిన్ మీద పడుకోబెట్టి, నాగపూరు యంత్రం పక్కన, జగదల్‌పూరు ఆస్పత్రికి వెనక్కి తీసుకొచ్చాం. తలకి తువ్వాలు చుట్టుకుని బావమరిది నడిపాడు. సైకిలు మనిషి దారిలోనే పోయాడు. ఎప్పుడు పోయాడో డైరీలో లేదు. నేను అతని పక్కనే కూర్చున్నాను గాని గడియారం చూడలేదు.

ఆస్పత్రి వరండాలో పోలీసుల కోసం కూర్చున్నప్పుడు డ్రైవరు కళ్లు తెరిచాడు. కుడిచెయ్యి గుడ్డల మూటలా ఉంది.

"బాబూ, నాను నీళ్లు పట్టినట్టు రాసినావా?"

రోడ్డు మీంచి ఏరి తెచ్చుకున్న పుస్తకం తీసి చూశాను. లారీ నంబరు ఉంది. సైకిలుకీ మనిషికీ పదకొండు అడుగుల దూరం ఉంది. గీత ఏ వైపు నుంచి మొదలుపెట్టానో కూడా ఉంది. నీళ్ల మాట లేదు.

"లేదు," అన్నాను.

"రాయి."

రాశాను. ఆలస్యంగా రాసినదని కూడా రాశాను. కానిస్టేబులుకి ఆ పేజీ చదివి వినిపించాను, తెలుగూ హిందీ రెండూ వచ్చిన కాంపౌండరు అతనికి హిందీలో చెప్పాడు. నీలం లారీ నంబరు వాళ్లు తీసుకున్నారు. దొరికిందో లేదో నాకు తెలియదు. డ్రైవరుని వదిలేశారు.

డ్రైవరు కుడిచేతి మూడు వేళ్లు ఆ తర్వాత మడత పడలేదు. స్టీరింగు పట్టలేడు, వల లాగలేడు. భార్య విశాఖ పూర్ణా మార్కెట్లో చేపలమ్మితే పక్కన కూర్చుని తూకం చూసేవాడు, ఎడమచేత్తో. నేను ఎనభైల చివరిదాకా ఆ దారినే వెళ్లేవాణ్ణి. తప్పించుకుందామని చూసినా దూరం నుంచే పిలిచేవాడు.

"బాబూ, సుద్దముక్క ఉందేటి? ఈ సేప కదుల్తంది, గీత గియ్యండి!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. నేను చేప కొనుక్కుని, అతను ఎడమచేత్తో అందిస్తే తీసుకుని, వచ్చేసేవాణ్ణి.