గంట మోగకముందే

2009లో మేము జెర్సీ సిటీలో ఉండేవాళ్లం. మందు వాసనే పడని మా మామగారిని, చూడదగ్గ పాత కట్టడమని చెప్పి, ఒక శనివారం నా ఆఫీసు మిత్రులతో పాటు మాన్‌హట్టన్‌లోని ఓ పబ్‌కి తీసుకెళ్లాను. మద్యనిషేధం రోజుల్లో అక్కడ దొంగచాటుగా మందు అమ్మేవారట. పోలీసులొస్తే హెచ్చరించడానికి కట్టిన ఇత్తడి గంట ఇంకా వేలాడుతోంది. ఇప్పుడు దాన్ని ఎవరు కొట్టినా జనమంతా లేచి గేలి చేయడం అక్కడి ఆనవాయితీ. ఆ సంగతి నాకు తెలుసు.

గంట కనబడగానే మామగారు అలవాటుగా బూట్లు విప్పబోయారు.

"కొట్టండి మామయ్యగారూ, ఇక్కడ అందరూ కొడతారు" అన్నాను, మిత్రుల వైపు చూసి నవ్వుతూ.

ఆయన గంట కొట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నారు. పబ్బంతా బల్లలు బాదుతూ అరిచింది. ఎవరో ఆయన మీదికి వేరుశనగ తొక్కలు విసిరారు. మేము పడీపడీ నవ్వాం. ఆయన తొక్కలు దులుపుకుని బయటికి నడిచారు.

రైలెక్కాక, "వాళ్లదంతా సరదా మామయ్యగారూ, ఫీలవ్వకండి" అన్నాను.

"వాళ్లు పరాయివాళ్లు. మీరు గంట మోగకముందే నవ్వారు అల్లుడుగారూ" అన్నారాయన.

ఈ సంగతి ఆయన తన కూతురికి ఈనాటికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నాలుగు తిట్లతో పోయేది. అంత తేలికైన శిక్ష ఆయన నాకు వేయలేదు.