అవ్వ లెక్కబెట్టించిన ఊపిరి

కొత్త పట్టుచీర మడత విప్పితే వచ్చే ఆ పచ్చివాసన ఇప్పటికీ నన్ను ధర్మవరంలోని మా ఇంటికి, వానలు మొహం చాటేసిన ఒక శ్రావణానికి లాక్కుపోతుంది. గాలికి లేచిన దుమ్ము సంగటి ముద్దలో కూడా పంటికి తగిలేది. శుక్రవారం ఓళిగలు, ఉడకబెట్టిన చెనక్కాయలు, అరుగుమీద అచ్చనగండ్లు, గుంటమగ్గంలో నాయన కాళ్లాడించే చప్పుడు, అంతే మా లోకం.

ఆ ఏడు నాయనకు ఊపిరాడక, అమ్మ ఆయన్ను అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయింది. మగ్గం మీది పడుగులో చీరలు అప్పటికే అయిపోయాయి, పాత పడుగుకు కొత్తది అతికించాలి. కొడుకు వచ్చేసరికి మగ్గం సిద్ధంగా ఉండాల్సిందేనని మా అవ్వ పట్టుబట్టింది. వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పోగు కొసకు కొత్త పోగును మెలిపెట్టి అతకాలి. అలాంటివి వేలు. ఒక్కటి తప్పితే ఆ తర్వాతవన్నీ పక్కకు జరిగిపోతాయి. పదేళ్ల నా వేళ్లలోంచి పోగు జారిపోయేది. నాయన ఇక రాడేమోనన్న భయంలో పోగే కనపడేది కాదు.

అవ్వ తిట్టలేదు.

"కండ్లు మూసుకోని నీ ఊపిరి ఇరవై దాకా లెక్కబెట్టు పాపా. నడాన తప్పితే మళ్లా ఒకటి కాడ్నుంచి."

మొదటిరోజు ఆరు దాటలేకపోయాను. మూడోరోజుకు ఇరవై చేరాను. భయం పోలేదు గానీ, కాస్త పక్కకు జరిగి చేతికి దారిచ్చింది. అవ్వ కూడా నా పక్కనే కళ్లు మూసుకునేది.

పన్నెండోరోజు నాయన సగమై తిరిగొచ్చాడు. నీళ్లయినా తాగకుండా మగ్గం దగ్గర కూర్చుని, పోగులు వేళ్లతో జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. ఇక్కడ ఒక పోగు వదిలేసి అతికిందెవరని అడిగాడు. నేనేనేమో అనుకున్నాను. కానీ అది అవ్వ కూర్చున్న వైపు.

"నేనేప్పా," అంది అవ్వ. "పాపకైతే దాని ఊపిరి లెక్కబెట్టుకోమని చెప్తి. నేను కూచుంటే నీ ఊపిరే లెక్కకొస్తాండె."

ముగ్గురం కూర్చుని అక్కడినుంచి విప్పి మళ్లీ అతికాం.

ఇప్పుడు నా గుండెదడకు మాత్రలిచ్చిన డాక్టరమ్మ, రోజూ పది నిమిషాలు ఊపిరి మీద మనసు పెట్టమంది. కొత్త విద్య విన్నట్టు తలూపి వచ్చాను. పెడుతున్నాను. చాలా రోజులు అలసటే మిగులుతుంది. మా గుంటమగ్గం పూడ్చి బండలు పరిచారు. బూడిద అద్దుకుని అతికే ఆడవాళ్లు వీధికి ఒకరు కూడా లేరు. ఏ రోజైనా ఇరవై దాకా పోగలిగితే మాత్రం నాకు ఏడుపొస్తుంది. అవ్వ తనకు పట్టని మందు నాకు పోసింది. నేను నిమ్మళంగా పోగులు అతుకుతుంటే, పక్కన కళ్లు మూసుకుని ఒక్కతే భయపడింది.