లలిత కొట్టిన ఆఖరి పేరు

ఎవరికన్న చెప్పాలె అని ఎన్నిసార్లు నోటిదాక వచ్చిందో. మళ్ల మింగిన. ఇన్నేండ్లు గుండె మీద బండ పెట్టుకొని తిరిగిన. ఇగ మోసుడు నాతోని కాదు. మీరు నా ముఖం ఎరుగరు, అందుకే మీకు చెప్తున్న.

తొంభైలల్ల కరీంనగర్‌ల ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌ల పనిచేసేటోన్ని. దుబాయ్ పోయేటోళ్ల పేర్లు నాతోని పనిచేసే లలిత టైపు కొట్టేది. నా ప్రోగ్రాం వాటిని చదివి అచ్చేసేది. మొదట్ల ఒక్కొక్క అక్షరమే చదివేది, ప్రతి ప్రోగ్రాంల గదే తిప్పల. అందుకని వరుసకు వరుస చదివి చేతికిచ్చే చిన్న ప్రోగ్రాం ముక్క ఒకటి రాసిన. ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. సెంటర్ నడిపే సార్ భుజం తట్టిండు. లలిత "అబ్బో, ఇగ నిన్ను పట్టలేం!" అని నవ్వింది. గా నవ్వు కోసమే రాసిన్నా అని ఇప్పుడు అనుమానం.

ఎంటర్ కొడితేనే వరుస అయిపోయినట్టు అని నేను అనుకున్న. లలితదేమో టైపు మిషన్ మీద నేర్చిన చెయ్యి. మిషన్ మీద ఆఖరి వరుస కొట్టినంక కాయితం గుంజుడే, మళ్ల కింది వరుసకు జరుపరు. గదే అలవాటుతోని ఆఖరి పేరు కొట్టి చేతులు తీసేది. ఎంటర్ లేని గా వరుసను నేను రాసిన ముక్క మింగేసింది.

కొత్తది పెట్టిన వారమే కోరుట్ల నుంచి ఒకాయన లొల్లి చేసుకుంట వచ్చిండు. మేం అచ్చేసిన లిస్టుల పేరు లేదని ఏజెంటు బొంబాయి బస్సు ఎక్కనియ్యలేదట. సార్ రాకముందే నేను ఫైలు తెరిచి చూసిన. ఆయన పేరు అండ్లనే ఉంది, అన్నిటికంటె కింద. నాకు సమజైంది. అయినా సార్ వచ్చి "ఎవల తప్పు?" అంటే ఏమన్ననో తెలుసా?

"నా ప్రోగ్రాం మంచిగనే ఉంది సార్."

గంతే. లలిత పేరు కూడ తియ్యలే. సార్ ఆమెను రేపటి సంది రావద్దన్నడు. ఎందుకట్ల చేసిన? కొలువు పోతదనా? కాదు. ఆమె ముంగట తక్కువైపోతనని. ఎవల ముంగట గొప్పగ కనబడాలనుకున్ననో ఆమెనే పోగొట్టుకున్న. గింత పిచ్చోడు ఎక్కడన్న ఉంటడా?

మంచిర్యాల పక్కన నస్పూర్‌ల వాళ్లన్న ఇంటికి పోతున్నదని తెలిసి బస్టాండుకు ఉరికిన. చెప్పుదామనే ఉరికిన, ఒట్టు.

"అందరు ఏమన్న అననీ. నువ్వన్న చెప్పు, గా పేరు నేను కొట్టలేదా?" అని అడిగింది.

"ఏమో లలితా, మర్చిపోయినవేమో" అన్న.

కోపానికి రాలే. తన చేతులు చూసుకుంట "గట్లనే అయ్యుంటది" అన్నది. మంచిర్యాల బస్సు ఎక్కింది.

తెల్లారి నా ముక్కను ఎవలకు తెల్వకుండ సరిజేసిన. జర సేపు పని, అంతే. నస్పూర్ పోదామని మాత్రం ఎన్నిసార్లు బస్సు ఎక్కిన్నో, పెద్దపల్లిల దిగి వాపసు వచ్చిన్నో. ఎక్కడన్న టకటక టైపు చప్పుడు వినబడితే ఇప్పటికీ తిరిగి చూస్త. పెండ్లయిందో, ఎక్కడున్నదో, మళ్ల టైపు ముంగట కూసున్నదో లేదో. తన చేతులను తాను మళ్ల నమ్మిందో లేదో, గదే నాకు పెద్ద ఫికర్.

మాఫీ అడుగుత లేను. ఆ రోజు బస్టాండుల అనాల్సిన మాట ఇయ్యాల ఇక్కడ అంటున్న. లలితా, గా పేరు నువ్వు కొట్టినవ్. నేను చూసిన.