మా పెదనాన్న తగ్గించిన దరువు

మా పెదనాన్నని తెలిసినవాళ్లంతా ‘నిదానం’ అంటారు. మనిషి నిదానస్తుడని కాదు. కుర్రతనంలో ఆయనా నాన్నా మరో ఇద్దరు స్నేహితులతో కలిసి త్రాష్ మెటల్ రకం రాక్ బ్యాండు పెట్టారు. పెదనాన్న డ్రమ్స్, నాన్న బేస్ గిటార్. చెవులు చిల్లులు పడే హోరు, ఊపిరాడని వేగం, మధ్యలో లెక్క మారిపోయే తాళాలు. అందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అన్నట్టుండేది వాళ్ల సంగీతం. ఒకే ఒక్క ఆల్బం చేశారు. అందులో పెద్ద పాటలో, అన్నిటికంటే వేగంగా పోవలసిన చోట డ్రమ్స్ నెమ్మదిస్తాయి. దాంతో ఆయనకి ఆ పేరు అంటుకుంది. తాళం నిలబెట్టలేని డ్రమ్మరుని ఆ తర్వాత ఏ బ్యాండూ పిలవలేదు.

ఆయన బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసే పనిలో కుదురుకున్నాడు. మిషన్లన్నీ నడుస్తుంటే మధ్యలో నిలబడి, ఏది గాడి తప్పిందో చెవితోనే పట్టేసేవాడు. అలాంటి చెవి ఉన్నవాడు తాళమెలా తప్పాడని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మా తెలివి అలా ఏడిచింది. నాన్న మాత్రం బేస్ వాయిస్తూనే ఇల్లు గడిపాడు, నన్ను చదివించాడు. ఇంటికి ఎవరొచ్చినా, ‘మా అన్న రికార్డింగు రోజు డ్రమ్స్ ముందు కునుకు తీశాడు’ అని చెప్పి నవ్వించేవాడు. పెదనాన్న కూడా నవ్వేవాడు.

ఇన్నేళ్లకి ఆ ఆల్బం మీద కుర్రకారుకి మోజు పుట్టింది. మళ్లీ ఎల్పీ రికార్డుగా వేస్తామని ఒక చిన్న కంపెనీ ముందుకొచ్చింది. రికార్డు మీద గాడి కోసే ముందు ఒకసారి విని పొమ్మని సౌండ్ ఇంజనీర్ కబురు చేస్తే, అన్నదమ్ములిద్దరినీ నేనే కార్లో తీసుకెళ్లాను.

ఇంజనీర్ మంచివాడే, కాకపోతే అడగని మేలు చేసే రకం. పాత టేపుల్లో ఒక్కో వాయిద్యం విడిగా ఉంది కాబట్టి, నెమ్మదించిన డ్రమ్స్‌ని కంప్యూటర్లో సరిచేశానని మురిసిపోతూ చెప్పాడు. బేస్ జోలికి ఇంకా వెళ్లలేదట. ఆ రెండూ కలిపి వినిపించాడు.

డ్రమ్స్ దూసుకుపోయాయి. పాతదాంట్లో డ్రమ్స్ నెమ్మదించే చోటు రాకముందే బేస్ తడబడింది, ఆపైన వెనకబడిపోయింది. స్వరాలు ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి, కొన్ని అసలు పలకనే లేదు. సంగీతం రాని నాకే తెలిసిపోయింది, తప్పింది నాన్న అని. ఆనాడు తమ్ముడి వేళ్లు ఆడటం లేదని చూసి, పెదనాన్న తన దరువు తగ్గించి నాన్నని కలుపుకున్నాడు.

నాన్న మొహం పాలిపోయింది.

“ఎందుకు చెప్పలేదన్నా?”

“అప్పుడప్పుడే నేర్చుకుంటున్నావు. చెప్తే బేస్ మళ్లీ ముట్టుకునేవాడివి కాదురా.”

నాన్న ఇంజనీర్ వైపు తిరిగి, ఇలాగే వేసేయమన్నాడు. తప్పెవరిదో నలుగురికీ తెలియాలన్నాడు. పెదనాన్న ససేమిరా అన్నాడు. డ్రమ్స్ తనవి, తను వాయించినట్టే ఉండాలన్నాడు. గొంతు కూడా పెంచలేదు. ఇంజనీర్ తలూపి, పాతదే కోస్తానన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు నాన్న ముందు సీటు వదిలి, వెనక పెదనాన్న పక్కన కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక, ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా అని అడిగాడు.

“మీ వదినకి తెలుసు.”

నాన్న ఆ కునుకు ముచ్చట ఎత్తుకున్నప్పుడల్లా పెద్దమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆవిడకి పని ధ్యాస ఎక్కువనుకునేవాళ్లం. నాకు దుఃఖం ఆగలేదు, రోడ్డు సరిగ్గా కనబడక కారు నెమ్మది చేశాను.

“ముందు వదిన దగ్గరికి పోనివ్వమ్మా,” అన్నాడు నాన్న.