గోడవతలి గొంతులు

మా ఊళ్ళో గొర్రెను దొంగిలించినందుకు ఒక మనిషిని ఆరు నెలలు వెలివేసింది మా మామే. ఆయన మా కులపెద్దల్లో ఒకరు. దొంగ మా పక్కింటాయన, వరసకు నాకు బావ. సర్కారు పంచిన గొర్రెల చెవులకు పసుపు బిళ్ళలుండేవి. వేరేవాళ్ళ పొట్టేలును పట్టుకొచ్చి, బిళ్ళ కోసేసి, తన మందలో కలుపుకున్నాడు. చెవి ఇంకా పచ్చిపుండుగా ఉండగానే దొరికిపోయాడు.

"తప్పైంది కాకా, పొట్టేలును ఇచ్చేస్త," అన్నాడు.

"ఇస్తె సరిపోతదా?" అన్నాడు మా మామ. "శిక్ష గట్టిగ పడ్తెనే ఇంకోడు భయపడ్తడు. ఆరు నెలలు ఉప్పు, నిప్పు బంద్. వీనితోని ఎవలు మాట్లాడినా వాళ్ళకు గూడ ఇదే."

అందరూ తలలూపారు. నేనూ సరైందే అనుకున్నాను. మాకూ గొర్రెలున్నాయి మరి.

మొదటి వారం ఆయనే అందర్నీ పలకరించాడు. నల్లా దగ్గరకు వస్తే బిందెల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. బజారు వెంట నడిచి వస్తుంటే ఒక్కో ఇంట్లో మాట ఆగిపోయేది; దాటిపోయాక వెనక మళ్ళీ మొదలయ్యేది. పొయ్యి దగ్గర కూర్చునే, ఆయన ఎక్కడిదాకా వచ్చాడో చెప్పగలిగేదాన్ని. నెల తిరక్కముందే ఆయన భార్యను ఆమె అన్న వచ్చి జడ్చర్లకు తీసుకుపోయాడు. ఆ తర్వాత బావ పలకరించడం మానేశాడు.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం నేను వాకిట్లో మిరపకాయలు ఎండపోస్తుంటే, గోడవతల మా మామ గొంతు వినిపించింది.

"తిన్నవార?"

"తిన్న కాకా." ఇది బావ గొంతు.

"గొర్లకు నీళ్ళు వెట్టినవా?"

"వెట్టిన."

శిక్ష వేసిన మనిషే మాట తప్పాడని నవ్వొచ్చింది. వెనక్కి తిరిగితే మామ మా అరుగు మీద మంచంలో నిద్రపోతున్నాడు.

కదలకుండా నిలబడి విన్నాను. మామ తర్వాత కిరాణాదుకాణం ఆయన వచ్చాడు. తర్వాత ఎదురింటి ముసలవ్వ, ఆమె దగ్గుతో సహా. ఊరంతా ఒకరి వెనక ఒకరు వచ్చి పలకరించి పోతున్నారు. చివరికి ఒక ఆడగొంతు, "బావా, నల్లా వచ్చిందా?" అని అడిగింది. అది నా గొంతు.

"వచ్చిందమ్మా," అని తనే జవాబిచ్చుకున్నాడు, ఎంతో ఆప్యాయంగా.

ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం అంతే. నేను ఎవరికీ చెప్పలేదు. గోడ మీద నుంచి ఒక్క మాట పలకరించనూ లేదు. శిక్ష మా ఇంటి మీదికొస్తుందని భయం.

నాలుగో నెలలో మరొకరి మందలోంచి రెండు గొర్రెలు పోయాయి, పట్టపగలే. పదిమంది కర్రలు పట్టుకుని వచ్చారు. మామ చెప్పులేసుకుంటుంటే నేను అడ్డం నిలబడ్డాను.

"ఆయన గాదు మామా. పొద్దటి సంది ఇంట్లనే ఉన్నడు. మాట్లాడుతుంటె విన్న."

"వానితోని ఎవలు మాట్లాడిండ్రు?"

"నువ్వే," అన్నాను. తర్వాత అంతా చెప్పాను.

మామ గోడ దగ్గరకు పోయి చెవి పెట్టాడు. అవతల నుంచి తన గొంతే తనకు వినపడింది. వచ్చినవాళ్ళను వెనక్కి పంపేశాడు.

మూడో రోజు గొర్రెలు సంతలో దొరికాయి. ఎత్తుకుపోయింది ఆనాటి పంచాయతీలో మామ పక్కనే కూర్చుని తలూపినవాడు.

"వాని గతి కండ్లార చూసి గూడ ఎట్ల చేసినవ్ ర?" అని అడిగాడు మామ.

"దొర్కుత అనుకోలే," అన్నాడు వాడు.

ఈసారి ఏడాది వెలి వేయాలని ఎవరో అన్నారు. మామ లేచాడు. "గొర్లు దొరికినయి గద. ఇడిశిపెట్టుండ్రి. పక్కింటోనికి గూడ వెలి తీసేసినం," అని, అటునుంచి అటే బావ ఇంటికి పోయాడు. వాకిట్లో నిలబడి "తిన్నవార?" అన్నాడు. బావ ఆయన భుజం మీదుగా గోడను చూస్తున్నాడు. మామ ఇంకోసారి అడిగి వచ్చేశాడు. మళ్ళీ ఏ పంచాయతీకీ పోలేదు.

తర్వాత బావ భార్య వచ్చి మందను అమ్మేసింది. జడ్చర్లకు పోవడానికి సామాను ట్రాలీలో ఎక్కించారు. నేను ఎదురుపోయి, "పొయ్యిరా బావా," అన్నాను. గోడవతల నా గొంతుతో నాకంటే బాగా మాట్లాడిన మనిషి నా ముఖంలోకి నిదానంగా చూశాడు.

"నువ్వు ఎవలమ్మా?" అన్నాడు.