చంద్రకళమ్మ చీమల పరీక్ష

పటాన్‌చెరు బజారులో తాతల నాటి నుంచీ బెల్లం అమ్ముకునే ఇల్లది. ఆ ఇంటి పెత్తనం చంద్రకళమ్మది. కొత్త సరుకు దిగితే చిన్న ముక్క గడప దగ్గర పడేసి, చీమ పడితే అసలుదని, పట్టకపోతే మందు కలిసిందని తీర్పు చెప్పేది. ఆ తెలివి బెల్లం దగ్గర ఆగి ఉంటే ఎవరికీ నష్టం లేకపోయేది.

కోడలు శ్రీవాణిది హత్నూర. బడికి పోయే వయసులోనే షుగర్ బయటపడితే, తన ఇన్సులిన్ సూది తనే పొడుచుకుంటూ చదివింది, మందుల కంపెనీలో కొలువు చేసింది, నిఖిలేష్‌ను చేసుకుంది, కొడుకును కన్నది. ఇంత చేసిన మనిషికి ఆ ఇంట్లో దక్కిన పేరు ‘షుగర్ పిల్ల’.

పుట్టింటి నుంచి బిడ్డతో వచ్చిన కొత్తలో, పాలు పడుతుంటే నాలుగు చుక్కలు బండల మీద పడ్డాయి. కాసేపటికి చీమలు చేరాయి. చంద్రకళమ్మ గుండెలు బాదుకుంది.

“సూసినవా? పాలల్ల షుగర్ దిగింది! నా మనుమనికి గా రోగం అంటిస్తవా? ఇగ డబ్బా పాలే!”

“పాలతోని షుగర్ అంటదు అత్తమ్మా. సూది మందుతోని గూడ పిల్లగానికేం కాదు, పాలు ఇయ్యమనే డాక్టరమ్మ చెప్పింది.”

“డాక్టరమ్మ ఎన్నడన్న బెల్లం అమ్మిందా?”

ఇలాంటి ప్రశ్నకు జవాబు ఏ చదువులో దొరుకుతుంది? నిఖిలేష్ ఫోన్‌లోంచి తల ఎత్తి, “అమ్మ చెప్తుంది కదా” అని మళ్లీ దించాడు. అంతకు మించి బరువైన మాట ఆ నోట ఎన్నడూ రాలేదు.

డబ్బా పాలు పిల్లాడు ఉమ్మేశాడు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. శ్రీవాణి రొమ్ములు రాళ్లయ్యాయి. మర్నాడు బీరంగూడ నుంచి ఆడబిడ్డ రచన తన చంటిదాన్నెత్తుకుని వచ్చింది. శ్రీవాణి ఆమెను గడప దగ్గరికి పిలిచింది.

“రచనా, జెర నీ పాలు గీడ పిండు. పక్కన నేను పిండుత.”

చీమలు వచ్చాయి. ముందు రచన పాలకే పట్టాయి.

చంద్రకళమ్మ మొహం మాడింది. “నా బిడ్డకు షుగర్ యాడిది? గీ చీమలకే బుద్ధి లేదు!”

రచన పకపకా నవ్వింది. “ఏ తల్లి పాలైనా తియ్యగనే ఉంటయే అమ్మా! నాకు నువ్విచ్చినయి చేదుగుండెనా?”

చంద్రకళమ్మ చీపురు తెచ్చి చీమలను ఊడ్చేసింది. శ్రీవాణి వేలు పొడిచి మీటరులో షుగర్ చూసుకుంది. పాలిస్తుంటే షుగర్ పడిపోతుందని ముందే సగం రొట్టె తిన్నది. చేతులు వణికితే వేసుకుందామని ఒక బెల్లం ముక్క పక్కన పెట్టుకుని, కొడుకును రొమ్ముకు తీసుకుంది. వాడు గుటకలు వేస్తూ తాగాడు.

చంద్రకళమ్మ కన్ను బెల్లం ముక్క మీద పడింది. “షుగర్ ఉన్నదానివి, బెల్లం పెట్టుకుంటవా?”

“మన కొట్టుదే అత్తమ్మా,” అంది శ్రీవాణి తల ఎత్తకుండా. “చీమలు పట్టిందే సూసి తెచ్చుకున్న.”